నాన్న భుజాలకు పడ్డ మార్కులు

మనుషులకు మార్కులు వేయడాన్ని మించిన లోకసేవ మరొకటి లేదు!

పేజీ తిప్పేయకండి. ఏడాదికోసారి మీ ఆఫీసులో పైవాళ్లు వేసే మార్కులు చూసి మీకు నిద్ర పట్టదని నాకు తెలుసు. పిజ్జా తెచ్చిన అబ్బాయికి ఎన్ని స్టార్లు ఇస్తారని గంటగంటకూ అడిగే ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపిస్తుందనీ తెలుసు. మీ తప్పేం లేదు. మార్కుల మహిమను మీకు విడమరిచి చెప్పినవాళ్లు లేరు, అంతే. ఆ లోటు ఇవాళ నేను తీరుస్తాను.

చెప్పే అర్హత నాకుంది. నాకు జీతం వచ్చేదే మార్కులు వేసినందుకు.

మా మార్లో పట్నం అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉంది. మాకొక బేస్‌బాల్ జట్టుంది. పేరు హెరాన్స్. అంటే కొంగలు. పేరుకు తగ్గట్టే ఇక్కడ అందరి పనీ కదలకుండా నిలబడి ఎదురుచూడడమే. ప్రతి వేసవిలో డ్రాఫ్ట్ జరుగుతుంది. పెద్ద నగరాల జట్లన్నీ వంతులు వేసుకుని, దేశంలో బాగా ఆడే కుర్రాళ్లను పేరుపేరునా పిలిచి తమవాళ్లను చేసుకుంటాయి. అలా పిలిచినవాళ్లను వెంటనే పెద్ద మైదానంలోకి దించరు. కాయలను మాగేసినట్టు మాలాంటి చిన్న ఊళ్ల జట్లలో మాగేస్తారు. మాగినవాళ్లను ఒక్కో మెట్టూ పైకి పంపిస్తారు. మాగనివాళ్లను సీజన్ చివర ఇంటికి పంపిస్తారు. ఎవరు ఎంత మాగారో రోజూ నొక్కి చూసి పెద్ద జట్టుకు రాసి పంపేది నేను.

మా ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటివాణ్ణి నేనే. మా నాన్నది పంది మాంసం ఫ్యాక్టరీలో కోత పని. ఈ ఉద్యోగం వచ్చిన కొత్తలో దీన్ని ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను.

“కుర్రాళ్లకి మార్కులేస్తావా? అంటే మేష్టారివా?”

“కాదు నాన్నా. మేష్టారు వాళ్లు రాసిన పరీక్షకు మార్కులేస్తాడు. నేను ముందు ముందు రాయబోయే పరీక్షకు వేస్తాను.”

“రాయకముందేనా?”

“రాయకముందే.”

“జిల్లా తిరునాళ్లలో గుడారం వేసుకుని చెయ్యి చూసే ఆవిడ కూడా ఇదే చేస్తుంది కదరా. ఆవిడది ఏ కాలేజీ?”

పాతకాలం మనిషి. ఆయనకు శాస్త్రం గురించి ఏం తెలుసు?

మా శాస్త్రంలో మార్కులు ఇరవైతో మొదలై ఎనభైతో ఆగిపోతాయి. సున్నా ఎందుకు లేదంటారా? సున్నా వేస్తే మనిషి మనసు నొచ్చుకోదూ? వంద ఎందుకు లేదంటారా? వంద వేస్తే తల తిరగదూ? ఇంత దయ, ఇంత జాగ్రత్త ఉన్న పరీక్ష మీరు చదివిన ఏ బడిలోనైనా ఉందా? బ్యాటు తిప్పడానికొక మార్కు, పరుగుకొకటి, విసురుకొకటి, బంతి పట్టడానికొకటి. మొహానికి కూడా ఒకటి ఉంది. నవ్వకండి. మంచి దవడ ఉన్న కుర్రాడు కష్టకాలంలో నిలబడతాడని మా పెద్దల నమ్మకం. నిలబడినవాళ్లూ ఉన్నారు, పడినవాళ్లూ ఉన్నారు. పడినప్పుడు కూడా దవడ బాగానే కనిపించింది.

అసలు గొప్పతనం అది కూడా కాదు. ప్రతి విద్యకూ రెండేసి మార్కులుంటాయి. ఒకటి ఇవాళ్టి మార్కు, రెండోది రేపటి మార్కు. కుర్రాడు ఇప్పుడు ఎలా ఆడుతున్నాడనేది మొదటిది. ఎదిగాక ఎలా ఆడతాడనేది రెండోది. పైవాళ్లు చదివేది రెండోదే. మొదటిది ఎందుకు రాయించుకుంటారో నాకు ఇప్పటికీ తెలియదు. రెండోది ఒంటరిగా ఉంటే బాగుండదని కావచ్చు.

రేపటి మార్కు వల్ల మనిషికి ఎంత శాంతి! మా జట్టులో బ్రాడీ అని ఆరున్నర అడుగుల కుర్రాడుండేవాడు. బంతి ఒకవైపు వస్తే వాడి బ్యాటు ఇంకోవైపు వెళ్లేది. ఇవాళ్టి మార్కు ఇరవై అయిదు. రేపటి మార్కు డెబ్బై! ఆ చేతుల్లో ఉన్న బలానికి బంతి ఒక్కసారి తగిలితే చాలు, గోడ దాటి, రోడ్డు దాటి నదిలో పడుతుందని పైవాళ్ల లెక్క. మూడు సీజన్లు చూశాను, నదికి ఏ ఇబ్బందీ కలగలేదు. అయినా బ్రాడీ మొహంలో దిగులన్నది ఉండేదా? డెబ్బై ఉన్నవాడికి దిగులెందుకుంటుంది?

ఈ పద్ధతి ఇళ్లలోకి కూడా రావాలని నా ఆశ. నా వంతుగా నేను మొదలుపెట్టాను కూడా. మా చెల్లి చేసుకోబోయేవాడు మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు ఇవాళ నలభై, రేపు నలభై అయిదు వేశాను. చెల్లి చాలాకాలం నాతో మాట్లాడలేదు. మా పాస్టర్ ప్రసంగానికి ఇవాళ యాభై వేసి, కాస్త కుదిస్తే రేపు అరవై అవుతుందని చర్చి గుమ్మంలో చెయ్యి కలుపుతూ చెప్పాను. తర్వాతి ఆదివారం ఆయన అహంకారం అనే పాపం మీద మాట్లాడాడు, నా వైపే చూస్తూ, ఏమాత్రం కుదించకుండా. మా అమ్మ చేసిన ఆపిల్ పై అనే పిండివంటకు డెబ్బై అయిదు వేస్తే, “మిగతా అయిదూ ఏమయ్యాయి?” అని పళ్లెం నా ముందు నుంచి లాగేసుకుంది. కొత్త పద్ధతులకు మొదట్లో ఎదురుగాలి తప్పదు.

నాకూ మార్కులున్నాయి. ఆఫీసువాళ్లు పిలిచి చూపించారు. ఇవాళ నలభై అయిదు, రేపు అరవై అయిదు. జీతం ఇవాళ్టి మార్కును బట్టి, పొగడ్త రేపటి మార్కును బట్టి. కొన్నేళ్లుగా ఇదే ఏర్పాటు. ఇది ఫిర్యాదు కాదు, సంగతి చెబుతున్నానంతే.

ఇప్పుడు మీకొక సందేహం రావాలి. రేపెలా ఉంటుందో ఇవాళే ఎలా తెలుస్తుంది?

తండ్రిని చూస్తే తెలుస్తుంది!

మాకు హార్లన్ పీట్స్ అని ఒక స్కౌట్ ఉన్నాడు. స్కౌట్ అంటే ఊరూరా తిరిగి, హైస్కూలు మైదానాల్లో ఆడే పిల్లలను చూసి, ఫలానావాణ్ణి పట్టుకోండని పెద్ద జట్టుకు చెప్పేవాడు. హార్లన్ జీవితమంతా పికప్ ట్రక్కులోనే గడిచింది. బుగ్గలో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలుంటాయి. తొక్కలు ఊస్తూ మధ్యమధ్యలో జ్ఞానం కూడా ఊస్తుంటాడు. నన్ను పేరుతో పిలిచిన పాపాన పోలేదు. కాలేజీ అంటాడు.

“పదిహేడేళ్లోడిలో చూడ్డానికి ఏముంటుందయ్యా కాలేజీ? ఎముకలు తప్ప! జనం కూర్చున్న వైపు చూడు. వాళ్ల నాన్న ఉంటాడు. ఈ కుర్రాడు ముందు ముందు ఎలా తయారవుతాడో అక్కడ కూర్చుని హాట్ డాగ్ తింటా ఉంటాడు.”

ఇది హార్లన్ ఒక్కడి పైత్యం కాదు. పిల్లాడు బ్యాటు తిప్పుతుంటే మా స్కౌట్లు మెడలు వెనక్కి తిప్పి తండ్రి మణికట్లు, తల్లి ఎత్తు, అన్న మెడ చూస్తుంటారు. బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు మాత్రం వెనక నుంచి వినిపిస్తుంది.

నా అదృష్టం కొద్దీ కాలేజీలవాళ్లకు ఇంత శాస్త్రం తెలియదు. నేను చేరడానికి వెళ్లిన రోజున వాళ్లు నా వెనక నిలబడ్డ మా నాన్నను ఎగాదిగా చూసి ఉంటే, నన్ను నేరుగా ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపేసేవాళ్లు. చూడలేదు. అది వాళ్ల అలసత్వం. అందరికీ హార్లన్ అంత శ్రద్ధ ఉండదు కదా!

ఇక కోయ్ టాల్బర్ట్ సంగతికి వస్తాను. మా పద్ధతి ఎంత దృఢమైనదో తెలియాలంటే వాడి కథ వినాలి.

ఓక్లహోమాలో చమురు బావుల మధ్య ఉన్న చిన్న ఊళ్లో వాణ్ణి కనిపెట్టింది హార్లనే. ఐదడుగుల ఎనిమిదంగుళాల కుర్రాడు, మైదానం మధ్యలో సెకండ్ బేస్ అనే చోటు కాచుకుంటూ ఆడుతున్నాడు. బాగానే ఆడుతున్నాడు. కానీ హార్లన్ చూపు కంచె అవతల నిలబడ్డ డ్వేన్ టాల్బర్ట్ మీద పడి అక్కడే అతుక్కుపోయింది. పైపులు వెల్డింగ్ చేసే మనిషి. ఆరడుగుల ఐదంగుళాలు. ఆ భుజాల మీద ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని పేకాడుకోవచ్చు. ఆట అయిపోయాక కోయ్ “నాన్నా, ఆకలేస్తోంది” అంటూ ఆయన పక్కన నడిచి వెళ్లాడు. హార్లన్ ట్రక్కులో కూర్చుని ఆ భుజాలకు డెబ్బై అయిదు వేశాడు. అంత మార్కు ఆయన అంతకుముందు ఏ తండ్రికీ వేయలేదు.

ఆ మార్కు చూసి పెద్ద జట్టు డ్రాఫ్ట్‌లో కోయ్ పేరు చాలా ముందుగానే పిలిచేసింది. ఇంకెవరైనా ఎగరేసుకుపోతారని భయం.

మా దగ్గరికి వచ్చాడు. వాడు ఎదగడానికి చేయని ఏర్పాటు లేదు. గుడ్లు, స్టేకులు, గిన్నెలకొద్దీ మిల్క్ షేకులు. వ్యాయామం నేర్పే ఆయన సోమవారం సోమవారం వాణ్ణి బట్టలు మార్చుకునే గది తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, తల మీదుగా పెన్సిల్‌తో గీత గీసేవాడు. గీత మీదే గీత పడి చెక్కలో గాడి ఏర్పడింది. కోయ్ మాత్రం పైకి కదల్లేదు. పక్కలకు కాస్త పెరిగాడు. దాన్ని పరుగులు పెట్టించి కరిగించాం.

ఈలోగా వాడు ఒక చెడ్డ అలవాటు నేర్చుకున్నాడు. బంతిని కొట్టడం మొదలుపెట్టాడు.

ఎలాంటి బంతి వేసినా కొట్టేవాడు. ఫీల్డర్ల మధ్య సందులు వెతికి, చేత్తో పెట్టినట్టు అక్కడ పెట్టేవాడు. మా లీగ్ మొత్తంలో అంత నమ్మకంగా కొట్టేవాడు లేడు. ఇవాళ్టి మార్కు అరవై అని నేను మా పైఅధికారికి రాస్తూనే ఉన్నాను. గ్రెగ్ ఓస్ట్‌మన్ అని, పెద్ద జట్టులో కుర్రాళ్ల భవిష్యత్తు మొత్తం ఆయన చేతిలో ఉంటుంది. వీణ్ణి పై మెట్టుకు పంపించండని కూడా రాశాను. ప్రతిసారీ ఒకటే జవాబు. “ఎదిగాక పంపుదాం.”

అలా నాలుగో సీజన్ వచ్చింది. తనతో వచ్చినవాళ్లలో కొందరు పైకి పోయారు, కొందరు ఇంటికి పోయారు. కోయ్ ఎటూ పోలేదు. ఒకరోజు బ్యాటుకు టేపు చుట్టుకుంటూ అడిగాడు.

“సార్, నేనింకా ఏం చెయ్యాలంటారు?”

“ఎదగాలి.”

“ఆటలోనా?”

“కాదు, పొడుగులో.”

నేను నవ్వుతున్నానేమోనని వాడు కాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత టేపు తెంపి, “ట్రై చేస్తున్నా సార్” అన్నాడు. చూశారా, ఎంత వినయం! మార్కులు మనిషిని ఇలా తీర్చిదిద్దుతాయి.

ఆగస్టులో టాల్బర్ట్ దంపతులు కొడుకు ఆట చూడడానికి మార్లో వచ్చారు. అదే సమయానికి హార్లన్ కూడా దిగాడు. ఆట అయ్యాక వాళ్లు గేటు దగ్గర కోయ్ కోసం ఎదురుచూస్తుంటే, హార్లన్ నా చెయ్యి పట్టుకుని దాదాపు పరుగెత్తించాడు.

“చూడు కాలేజీ, కళ్లారా చూడు! ఈ వెనక భాగం చూడు! అయ్యా డ్వేన్, కొంచెం పక్కకి తిరగండి. ఆఁ, అదీ!”

డ్వేన్ పాపం ఎందుకో తెలియకుండానే తిరిగాడు. పక్కనే ఆయన భార్య లోరా ఉంది.

“మీరు కూడా లేవండమ్మా, అందరం ఫోటో దిగుదాం” అన్నాడు హార్లన్.

“లేచే ఉన్నానండీ” అంది లోరా.

హార్లన్ దవడ నమలడం ఆపింది. ఓక్లహోమాలో ఆమెను ఎప్పుడు చూసినా మడత కుర్చీలోనే కనిపించిందట. బూట్లతో కలిపి ఆమె డ్వేన్ మోచేతి దాకా వస్తుంది.

“పర్లేదులే, మగపిల్లలు తండ్రి పోలికే” అని హార్లన్ సర్దుకున్నాడు. “డ్వేన్, మీకు ఎత్తు కాస్త లేటుగా వచ్చిందా?”

“నాకా? బళ్లో ఉన్నప్పుడే ఇంత ఉన్నానండీ. అయినా నా ఎత్తు వీడికెలా వస్తుంది? నేను లోరాని చేసుకునేటప్పటికే వీడికి నాలుగేళ్లు. తర్వాత నా ఇంటిపేరు పెట్టించాం.”

“మరి... వీడి...”

“వీడి కన్నతండ్రి గుర్రప్పందేల్లో రౌతండీ” అంది లోరా. “మంచి రౌతే. గాలి గట్టిగా వీస్తే మాత్రం ఎవరో ఒకరు పట్టుకోవాల్సొచ్చేది.”

హార్లన్ గింజలను తొక్కలతో సహా మింగేశాడు.

“ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదయ్యా!”

“ఎవరడిగారండీ?” అన్నాడు డ్వేన్. “అడిగినా వీడి నాన్నని నేనే అని చెప్పేవాణ్ణి. నేనే కదా.”

దీనికి వేయడానికి మా పద్ధతిలో మార్కు లేదు.

“నీ భుజాలకి డెబ్బై అయిదు వేశానయ్యా!” అన్నాడు హార్లన్.

“డెబ్బై అయిదా? ఎంతకి?”

“ఎనభైకి.”

డ్వేన్ మొహం వెలిగిపోయింది. “విన్నావా లోరా?”

“విన్నాలే. ఇంటికెళ్లాక ఆ భుజాలతో చెత్తబుట్ట బయట పెడుదువుగాని.”

అందరికంటే గట్టిగా డ్వేనే నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

“అంటే... వీళ్లు కోయ్‌ని తీసుకున్నది నన్ను చూసా?”

హార్లన్ తన బూట్లకేసి చూసుకున్నాడు.

“ఇప్పుడీ సంగతి తెలిస్తే వాణ్ణి పంపేస్తారా సార్?” ఈసారి నన్నే అడిగాడు.

“తెలిస్తే కదా!” హార్లన్ మధ్యలో దూరాడు. “కాలేజీ, నువ్వేం వినలేదు, నేనేం వినలేదు. ఈయనే తండ్రి. ఎదుగుతాడు, ఎదుగుతాడు అని ఇంకో రెండేళ్లు లాగించేద్దాం. కుర్రాడు ఇక్కడే ఉంటాడు. నేనూ ఉంటాను. నువ్వూ ఉంటావు. ఎవరికయ్యా నష్టం?”

నిజం చెబితే ఎదుగుదల మార్కు పోతుంది, దాంతోపాటు కోయ్ ఇంటికి పోతాడు. చెప్పకపోతే ఉంటాడు, మార్లోలోనే, ఆ తలుపు చట్రం పక్కనే. సీజన్ ఆఖరి నివేదిక రాయాల్సింది నేను. తెలిసి అబద్ధం రాయడం నాకు చేతకాదు. తెలిసి ఒకరి పొట్ట కొట్టడమూ చేతకాదు. నా మార్కు ఇవాళ నలభై అయిదే అని ముందే మనవి చేసుకున్నాను కదా!

కోయ్ ఎప్పుడొచ్చాడో చూడలేదు. తడి జుట్టుతో, భుజాన సంచితో వెనకే నిలబడి ఉన్నాడు.

“రాసెయ్యండి సార్” అన్నాడు.

“నువ్వూరుకోవోయ్!” అన్నాడు హార్లన్.

“నాలుగేళ్ల నుంచి ఊరుకునే ఉన్నానండీ. రోజూ కొడుతున్నా. సోమవారమైతే తలుపుకి నిలబెట్టి గీత గీస్తున్నారు. నేనింతే ఉంటాను, ఇట్టాగే ఆడతాను అని రాసెయ్యండి సార్. ఉంచుకుంటే దీనికే ఉంచుకోమనండి.”

“ఒరేయ్, తొందరపడకురా” అన్నాడు డ్వేన్. “నా మూలాన నీకు...”

“నీ మూలానేంటి నాన్నా? డ్యూటీ దిగొచ్చి రోజూ పెరట్లో నాకు బంతులేసిందెవరు? ఆ రౌతా?”

డ్వేన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తండ్రి నుంచి కొడుక్కి ఏమైనా వచ్చిందంటే అదిగో, ఆ పెరటి ఆట వచ్చింది. దానికీ మా దగ్గర మార్కు లేదు. అన్నిటికీ మార్కులంటే పద్ధతి మరీ పెద్దదైపోతుంది.

నేను రాశాను. కోయ్ ఇక ఎదగడు. కొట్టడం: ఇవాళ అరవై, రేపు అరవై. పై మెట్టుకు పంపించండి.

ఓస్ట్‌మన్ వెంటనే ఫోన్ చేశాడు. ఆయన అంత త్వరగా స్పందించడం అదే మొదటిసారి.

“ఇక ఎదగడా?”

“ఎదగడు సార్.”

“ఒక్క అంగుళమైనా?”

“లేదు సార్.”

“మరి ఇన్నాళ్లూ ఆ కొట్టిందంతా?”

“ఈ ఎత్తులోనే కొట్టాడు సార్.”

“రేపో?”

“ఇలాగే కొడతాడు.”

“ఇలాగేనా?” ఆయన నిట్టూర్చాడు. “చూశావా, అక్కడే వచ్చింది చిక్కు. ఇవాళ ఎంతో రేపూ అంతే. ఎదుగుదల సున్నా!”

మా పద్ధతిలో సున్నా లేదని పైన చెప్పాను. కోయ్ కోసం ఆ రోజు దాన్ని ప్రత్యేకంగా కనిపెట్టారు.

ఇంత తప్పు జరిగితే హార్లన్‌కు శిక్ష పడి ఉంటుందని మీరనుకోవచ్చు. మా సంస్థ అంత అన్యాయమైనది కాదు. బాగా విచారించారు. భుజాలకు వేసిన మార్కు సరైనదేనని, ఆ భుజాలున్న మనిషి విషయంలోనే కాస్త తేడా వచ్చిందని తేల్చారు. బ్రాడీని పై మెట్టుకు పంపించారు. ఆ ఊళ్లో కూడా నది ఉందట.

కోయ్‌ని కోచ్ తన గదిలోకి పిలిచి తలుపు వేయమన్నాడు. ఆ తలుపు వేయమన్నారంటే ఇంటికి పంపేస్తున్నారని ఇక్కడ అందరికీ తెలుసు. కోయ్ బయటికి వచ్చి నాతో చెయ్యి కలిపాడు. “కొట్టడానికి అరవై అని నిజంగానే రాశారా సార్?” అని అడిగాడు. రాశానన్నాను. “చాలండి” అన్నాడు. డ్వేన్ ఓక్లహోమా నుంచి ట్రక్కు వేసుకుని వచ్చి తీసుకెళ్లాడు. పెట్టెలన్నీ ఒక్క విడతలో మోసేశాడు. ఆ భుజాలకు హార్లన్ వేసిన మార్కు అక్షరాలా నిజం.

చలికాలం పోయాక కోయ్‌కి కాన్సస్ నుంచి ఫోన్ వచ్చింది. గోధుమ పొలాల మధ్య ఒక ఊరు, ఏ పెద్ద జట్టుకూ చెందని ఒక అనాథ జట్టు. దాని మేనేజర్ తండ్రి గురించి అడగలేదు, ఎత్తు అడగలేదు, రేపటి ఊసే ఎత్తలేదు.

“శుక్రవారం ఆడగలవా?” అన్నాడట.

జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కారు వేసుకుని ఆ ఊరు వెళ్లాను. డ్వేన్, లోరా నాకు పక్కన చోటు ఉంచారు. పాఠకులారా, ఆ మైదానంలో నేను చూసిన అనాగరికతను ఎలా వర్ణించను! మార్కులు వేసేవాడే లేడు. బంతి వేగం కొలిచే తుపాకీ లేదు. జనం మెడ వెనక్కి తిప్పకుండా ఎదురుగా చూస్తున్నారు. బ్యాటుకు బంతి తగిలితే ఈలలు వేస్తున్నారు, తగలకపోతే తిడుతున్నారు. మళ్లీ తగిలితే, తిట్టిన సంగతి మర్చిపోయి మళ్లీ ఈలలు. రేపటి గురించి ఒక్కరికైనా చింత ఉందా?

“ఆ కుర్రాడు పొట్టివాడు కదండీ?” అని మా ముందు వరసలో కూర్చున్న ఒకావిణ్ణి అడిగాను, వృత్తి ధర్మంగా.

“ఎవరూ, కోయా?” ఆవిడ వెనక్కి తిరగనైనా తిరగలేదు. “ఏమో, ఎప్పుడూ గమనించలా. కాస్త ఆగు బాబూ, వాడొచ్చేస్తున్నాడు.”

సరిగ్గా అప్పుడే హార్లన్ ఫోన్ చేశాడు. చాలా సంబరంగా ఉన్నాడు.

“దొరికాడయ్యా కాలేజీ! టెక్సస్‌లో! తండ్రి ఆరడుగుల ఆరంగుళాలు! ఈసారి నేను మోసపోలా. సొంత తండ్రివేనా అని మొహం మీదే అడిగేశా. కొట్టబోయాడనుకో, కానీ సొంత తండ్రే. తల్లిని లేపి నిలబెట్టా. తాతింటికి కూడా వెళ్లొచ్చా. ముసలాయన గుమ్మంలో వంగి బయటికొచ్చాడయ్యా, వంగి!”

“కుర్రాడు ఎలా ఆడతాడు?”

అవతల గింజలు నమిలే చప్పుడు ఆగింది.

“ఆటా?” అన్నాడు హార్లన్. “ఇంకా చూళ్లేదు. రేపు చూస్తా.”

ఇక్కడ కోయ్ బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. నేను ఫోన్ పెట్టేశాను.